గంధకం సున్నా శాతం

"రేపటి నుంచి మన ఫ్యాక్టరీ స్లాగ్‌లో గంధకమనేది ఉండదు!" అని ఉక్కు మంత్రిగారు ప్రకటించారు.

స్లాగ్ అంటే కొలిమిలో కరిగిన ఉక్కు మీద తేలే తెట్టు. చల్లార్చి, పొడిచేసి ఇళ్ల పునాదుల్లో పోస్తారు. గంధకం ఎక్కువైతే వాన పడ్డప్పుడల్లా కుళ్లిన గుడ్ల కంపు. ల్యాబ్‌లో దాన్ని కొలిచేది బ్యూరెట్టమ్మ. ఇరవై రెండేళ్లుగా బ్యూరెట్ అనే చుక్కలు కొలిచే గాజుగొట్టం కుళాయి వదలకుండా నిలబడ్డందుకు వచ్చిన పేరది.

మర్నాడే మంత్రిగారు తనిఖీకి దయచేశారు. సైన్సంటే ఆయనకి ప్రాణం. ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని మరీ వంగి చూశారు. బ్యూరెట్టమ్మ స్లాగ్ పొడి మీద ఆమ్లం పోసింది. వచ్చిన వాయువుని ఇంకో ద్రావణంలో పట్టి, కాస్త గంజి కలిపి, అయోడిన్ చుక్కచుక్కగా వదిలింది. ఎన్ని చుక్కలు తాగితే అంత గంధకం. చివరికి ద్రావణం గుప్పున నీలమైంది.

మంత్రిగారు రెండడుగులు వెనక్కి వేశారు.

"ఇది ప్రతిపక్షం రంగు కదూ?"

"గంజికి పార్టీ లేదు సార్," అంది బ్యూరెట్టమ్మ.

"మరి ప్రతిసారీ నీలమే గెలుస్తోందే?"

జనరల్ మేనేజర్ చెమట తుడుచుకున్నాడు. "బేరియం కలిపే పద్ధతుంది సార్. గంధకం తెల్లగా అడుక్కి దిగుతుంది, తూచడమే."

"తెల్లజెండానా? లొంగిపోయామనుకుంటారు. నీలం వచ్చేలోపు ఆపెయ్యండి."

"ఏ చుక్కకొస్తుందో ముందు తెలీదు సార్," అంది ఆమె.

"అయితే మొదలే పెట్టకండి."

మహానుభావుడు! చుక్క పడలేదు, రిజిస్టర్లో సున్నా పడింది.

బ్యూరెట్టమ్మ సంతకం పెట్టనంది. "పసిపిల్లలుండే ఇళ్లు సార్ అవి."

"నీకింకా ఆరేళ్ల సర్వీసుందమ్మా," అని జనరల్ మేనేజర్ మెత్తగా చెప్పాడు. అయినా ఆమె పెట్టలేదు. ఆయనే పెట్టాడు.

లేని గంధకాన్ని కొలవడానికి మనిషెందుకని ల్యాబ్‌కి తాళం వేసి, ఆమెని ఫిర్యాదుల సెక్షన్‌లో ఫోన్ దగ్గర కూర్చోబెట్టారు. ఫిర్యాదు చేసినవాళ్లకి చదవాల్సిన జవాబు మంత్రిగారే స్వయంగా రాసి, అచ్చువేయించి పంపారు. అక్షరం మార్చి చదివితే ఉద్యోగం ఊడుతుంది.

మొదటి వానకే ఫోన్ మోగింది.

"మా కొత్త బంగళా కింద మీ స్లాగే పోయించారు. హాల్లో కూర్చోలేకపోతున్నాం. వచ్చినవాళ్లు వచ్చినట్టే పారిపోతున్నారు. నేనెవరో తెలుసా? మంత్రిగారి భార్యని!"

బ్యూరెట్టమ్మ కాగితం అందుకుని, అక్షరం పోకుండా చదివింది.

"మా స్లాగ్‌లో గంధకం సున్నా శాతం. కంపు కొడుతోందంటే, అది ఇంటి యజమాని దగ్గర్నుంచే."

"నాకూ ఎప్పట్నుంచో అదే అనుమానం," అని ఆవిడ ఫోన్ పెట్టేసింది.