ఒంటెల మధ్య మౌనదీక్ష

ఆ సోమవారం తెలంగాణ బంద్. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్లన్నీ మూతపడ్డాయి. ఒకదాంట్లో ఫిజిక్సు చెప్పే జోగారావు మాత్రం తెల్లవారే లేచి కెమెరా తుడుచుకుంటూ కూర్చున్నాడు. ఓ వారపత్రిక ‘శిల్పాలు’ అనే అంశం మీద పెట్టిన ఫొటోల పోటీకి ఆ సాయంత్రం ఆరింటితో గడువు. ఇరవై రెండేళ్లుగా పోటీలకు పంపుతున్నాడు పాపం, కనీసం ప్రోత్సాహక బహుమతైనా వచ్చిన పాపాన పోలేదు.

“ఈసారి కూడా రాకపోతే ఆ కెమెరా అటకెక్కాల్సిందేనండి,” అంది భార్య సూర్యప్రభ. ఆవిడ అన్నదంటే అన్నట్టే. జోగారావు గుండెల్లో రాయి పడింది.

అల్మాస్‌గూడ దాటాక బోడిగుట్టల నడుమ ఓ రియల్ ఎస్టేట్ ఆసామి లారీలకొద్దీ ఇసుక పోయించి, సిమెంటు ఒంటెలు నిలబెట్టి, ‘ఎడారి విహార్’ అని బోర్డు పెట్టి మాయమయ్యాడు. చెట్టూ చేమా లేదు, నరమానవుడి జాడ లేదు. ఫొటోకు ఇంకేం కావాలి? నల్లగొండ నుంచి వచ్చి ఆటో నడుపుకుంటున్న గోపయ్య, బండికి జెండా కట్టి, “నేనున్న కద సార్,” అంటూ ఆయన్ని అక్కడికి చేర్చాడు.

జోగారావు మూడుకాళ్ల స్టాండు నిలబెట్టి కెమెరా బిగించి ఒక కన్ను మూశాడో లేదో, వెనకనుంచి పాతికమంది వచ్చిపడ్డారు. రాస్తారోకోకు పోతున్న ఊరివాళ్లు.

“ఎవలయ్యా నువ్వు? మా భూములు కొలుస్తున్నవా?” అన్నాడు ముందున్న పెద్దాయన అంతయ్య.

‘అబ్బే, లేదండీ’ అనబోయాడు జోగారావు. ఆ ‘అండీ’ బయటికొస్తే సారుది గోదావరి జిల్లా అని తెలిసిపోతుందని గోపయ్య భయం. చప్పున ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టాడు.

“సార్ మౌనదీక్షల ఉన్నడే! తెలంగాణ వచ్చేదాంక నోరిప్పడు.”

ఇంకేముంది! అంతయ్య కళ్లు చెమర్చాయి. ఎవరో పరుగున వెళ్లి బంతిపూల దండ తెచ్చారు. జోగారావును ఒంటె కాళ్ల దగ్గర కూర్చోబెట్టి, అందరూ రాస్తారోకో మానుకుని చుట్టూ చేరారు. ఇడ్లీలు వచ్చాయి. జోగారావు ఆశగా చెయ్యి చాపాడు. అప్పటికే అబద్ధం రుచి మరిగిన గోపయ్య, “తిండి గూడ తినడు, నిరాహారం!” అని ఆ ఇడ్లీలు తనే లాగించాడు. ఎండ ముదురుతోంది. ఒక్క ఫొటో తీసింది లేదు. లేద్దామని కదిలితే చాలు, చప్పట్లు కొడుతున్నారు. జోగారావుకు ఏడుపొక్కటే తక్కువ.

అంతలో ఫోన్ మోగింది. సూర్యప్రభ. గోపయ్యే ఎత్తాడు.

“మేడం, సార్ ఇగ మాట్లాడడు. ఇసుకల పెట్టినం, దండ గూడ ఏసినం. జనం మస్తుగ ఒచ్చిన్రు. మీరు జర పరేషాన్ గాకున్రి.”

అవతల కెవ్వున కేక వినిపించి ఫోన్ ఆగిపోయింది.

అరగంటలో సూర్యప్రభ తమ్ముడి మోటార్‌సైకిల్ మీద వచ్చి దిగింది. “అటకెక్కిస్తానంటే మాత్రం ఇంతకు తెగిస్తారా అండీ!” అని గుండెలు బాదుకుంటూ గుంపును తోసుకొచ్చింది. దండ మధ్యలోంచి గుడ్లు మిటకరిస్తున్న మొగుణ్ని చూసి కొయ్యబారిపోయింది.

“బతికే ఉన్నారా!”

అప్పుడే వచ్చిన ఊరి విలేకరి మహేష్ టక్కున ఫొటో తీశాడు.

“అమ్మా, మీదే ఊరు?” అన్నాడు అంతయ్య మెల్లగా.

“పాలకొల్లండి,” అంది ఆవిడ ముక్కు తుడుచుకుంటూ.

పాతిక తలలూ ఒక్కసారిగా జోగారావు వైపు తిరిగాయి. జోగారావు పైప్రాణాలు పైనే పోయాయి.

“చూసిన్రా!” అంటూ లేచాడు అంతయ్య. “ఆంధ్ర సార్ గూడ మన కోసం కడుపు మాడ్చుకుంటుండు! మనమేమో ఇడ్లీలు తినొచ్చినం!”

జనం జోగారావును భుజాలకెత్తుకుని, దారిలో ప్రతి కూడలిలోనూ ఆగి నినాదాలిస్తూ ఎల్‌బీ నగర్ చౌరస్తా దాకా ఊరేగించారు. కిందికి దించేసరికి సాయంత్రం ఆరున్నర. కెమెరా మర్నాడే అటకెక్కింది.

నెల తిరిగాక పోటీ ఫలితాలొచ్చాయి. మొదటి బహుమతి మహేష్‌ది. ఫొటోలో సిమెంటు ఒంటె, దాని కింద దండతో జోగారావు. ‘ఆ కళ్లలో అరవై ఏళ్ల గోస కనిపిస్తోంది’ అని రాశారు న్యాయనిర్ణేతలు.

జోగారావు లెక్క ప్రకారం అది రెండున్నర గంటలదే.