సౌగంధిక గ్రూపులో ఆరో నియమం

కాకినాడ సౌగంధిక అపార్ట్‌మెంట్‌లో వాట్సాప్ గ్రూపు నుంచి తీసేసిన మనిషి ఆ క్షణం నుంచి ఎవరికీ కనిపించడు, వినిపించడు. అందుకని గ్రూపుకి ఒక ప్రవర్తనా నియమావళి ఉండాలనీ, లేకపోతే అడ్మిన్‌కి కోపం వచ్చినప్పుడల్లా జనాభా తగ్గిపోతుందనీ మీటింగులో తీర్మానించారు.

రాసే పని 404 పట్టాభిరామయ్యకి అప్పగించారు. ముప్పై రెండేళ్లు కరెంటాఫీసులో మెమోలు రాసిన చెయ్యి. భోజనాల బల్ల మీద తెల్లకాగితాలు పరిచి, పక్కన స్కేలు పెట్టుకుని, వారం రోజులు రాశాడు. గుడ్ మార్నింగ్ బొమ్మ రోజుకి ఒకటి. పుట్టినరోజు శుభాకాంక్షలకి జవాబు మర్నాడు సాయంత్రంలోగా. ఆరో నియమం మాత్రం 203 మహాలక్ష్మిగారి కోసమే: ఒకే విషయం మూడుసార్లకి మించి పెట్టకూడదు. లిఫ్టు ఎప్పుడు బాగుచేయిస్తారని ఆవిడ అడుగుతూనే ఉంటారు. పదకొండోది, తీసేసినవాళ్ల ఊసు గ్రూపులో ఎత్తకూడదు.

"ఇంట్లో కూడా అని రాయండి," అంది భార్య సుభాషిణి, చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ. "లేకపోతే చెవులు కొరుక్కుంటూ కూర్చుంటారు."

బాగుందనిపించి రాశాడు.

ఆదివారం నియమావళికి ఆమోదం దొరికింది. సోమవారం మహాలక్ష్మిగారు లిఫ్టు సంగతి నాలుగోసారి అడిగారు. ఆవిడ చెప్పులు గుమ్మం దగ్గరే ఉండిపోయాయి. ఫిర్యాదు పరిష్కారమైనట్టు సెక్రటరీ రిజిస్టరులో రాశాడు.

మంగళవారం పట్టాభి నియమావళి శుభ్రప్రతిని గ్రూపులో పెట్టాడు. కామా తప్పిందని మళ్లీ పెట్టాడు. తేదీ లేదని మళ్లీ పెట్టాడు. ఇంతా చేస్తే కింద తన పేరు లేదు. ఆగలేక నాలుగోసారీ పెట్టేశాడు.

సుభాషిణి అందిస్తున్న కాఫీ గ్లాసు నేల మీద పడింది. ఆమె ఖాళీ కుర్చీ వంక నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయింది.

"ఇదిగో, ఇక్కడే ఉన్నానే," అన్నాడు పట్టాభి.

ఆమె ఫోను తీసి, పదకొండో నియమం రెండుసార్లు చదువుకుంది. తర్వాత తడిగుడ్డ తెచ్చి నేల తుడిచింది.

పట్టాభి కాళ్లీడ్చుకుంటూ బయటికొచ్చాడు. మెట్ల మీద మహాలక్ష్మిగారు, ఇంకో పదహారుమంది కూర్చుని ఉన్నారు.

"వచ్చేశారా అండీ," అన్నారావిడ. "మేమూ ఓ గ్రూపు పెట్టుకున్నామండి. నియమాలు రాసే మనిషి కోసమే చూస్తున్నాం."

ఇందులోంచి తీసేస్తే ఎక్కడికి పోతారని అడిగాడు.

"ఎక్కడికేంటండీ, ఇంటికే. మళ్లీ అందరికీ కనబడిపోతారు. మొన్న 102 ఆయన్ని అలాగే తీసేశాం. పాపం, పరువు పోయింది."

పట్టాభి కాగితం అడిగి తీసుకున్నాడు. ఆరో నియమంలో అక్షరం కూడా మార్చలేదు. ఈసారి పేరు ముందే రాసుకున్నాడు.

ఎనిమిది నెలలైంది. లిఫ్టు అలాగే ఉంది. రోజూ మధ్యాహ్నం సుభాషిణి ఒక్క కంచమే పెట్టుకుని, ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీ వంక చూస్తూ అన్నం కలుపుకుంటుంది. పట్టాభి ఆ కుర్చీలోనే ఉంటాడు. ఫోను తీసి, 'అందరికీ నమస్కారం' అని మెట్ల మీది గ్రూపులో పెడతాడు. ఆమె కళ్లు తుడుచుకోవడం చూసి మళ్లీ పెడతాడు. మూడోసారీ పెడతాడు.

అక్కడ ఆగుతాడు. నియమాలు వచ్చాక ఆ గ్రూపులో ఇంతవరకు ఒక్కరూ నియమం తప్పలేదు.