అంబలి బనియను

ఆ ఉదయం ఆళ్లగడ్డలో ప్రేమకుమారి వేసుకున్న పథకం చిన్నదే. ఫైర్‌మన్‌గా పనిచేసే తన భర్త యేసురత్నం ఈసారి పరీక్షలో కళ్లు తిరిగి పడిపోకూడదు. మంటకు కాలని మందపాటి కోటు, ప్యాంటు, హెల్మెట్ వేసుకుని, మే నెల ఎండలో, మనిషంత బరువున్న, ఇసుక నింపిన బొమ్మను మోస్తూ మైదానం చివరి గీత దాటాలి. కిందటేడు సగంలోనే పడ్డాడు. మళ్లీ పడితే ఫైరింజన్ ఎక్కనివ్వబోమని, ఆఫీసులో కూర్చోబెడతామని చెప్పేశారు.

"మనిషిని కోట్లో పెట్టి ఉడకబెట్టేది వాళ్లు, పడినోనిది తప్పా?" అని పళ్లు కొరుకుతూ ఆమె పాత బనియనుకు లోపల జేబులు కుట్టింది. ఒంటికి చలువ అంటే ఆమెకు తెలిసింది రాగి అంబలే. దాన్ని కవర్లలో పోసి, ఫ్రిజ్‌లో గడ్డ కట్టించి, ఆ జేబుల్లో కుక్కింది.

"ఐసు పెడితే సాలదా మే?" అన్నాడు యేసురత్నం.

"ఐసు కరిగితే వట్టి నీళ్లు. అంబలి కరిగినా చలువే. నోరు మూసుకోని తొడుక్కో!"

నంద్యాల నుంచి వచ్చిన అధికారి మైదానం పక్కన గొడుగు కింద కూర్చున్నాడు. యేసురత్నం చలికి వణుకుతూ బొమ్మను భుజానికి ఎత్తుకున్నాడు. ఆ బరువుకు కవర్లు టపటపా పగిలాయి. సగం దూరం పోయేసరికి ప్యాంటు కాళ్లలోంచి ముదురు రంగులో ఏదో చిక్కగా కారసాగింది.

అధికారి లేచి నిలబడ్డాడు. "ఏమయ్యా! కడుపు చెడితే సెలవు పెట్టొచ్చు గదా!"

"అంబలి సార్!"

"తాగితే తాగినావు, ఈడనా వదిలేది?"

తోటివాళ్లు ముక్కులు మూసుకున్నారు. ఎవరో అంబులెన్సుకు ఫోన్ చేశారు. "నీ పరీక్ష అయిపోయింది, పో" అన్నాడు అధికారి.

గేటు దగ్గర నిలబడిన ప్రేమకుమారి ఉరికొచ్చింది. భర్త బూటు మీది అంబలిని వేలితో తీసి, అందరి ముందూ నాకింది. చుట్టూ ఉన్నవాళ్లు "థూ" అన్నారు.

"నేను కాసిన అంబలి ఇది! నీడన కూసోని మాట్లాడతాండావే, నువ్వు తొడుక్కో సారూ ఆ కోటు! బొమ్మ గిమ్మ వద్దులే, ఉత్త చేతుల్తో ఆ గీత దాటు సాలు!"

అధికారికి పౌరుషం వచ్చింది. ఇంకో సూటు తెప్పించి తొడుక్కున్నాడు. "ఏముందిందులో?" అంటూ నడిచాడు. మైదానం మధ్యలో మోకాళ్లు మడతపడి కూలిపోయాడు.

తనను పొమ్మన్నవాడే కూలేసరికి యేసురత్నానికి కోపం నెత్తికెక్కింది. లోపలి చలువ ఇంకా కొంత మిగిలే ఉంది. ఆయన్ను సూటుతో సహా భుజాన వేసుకుని గీత దాటించాడు. బొమ్మకంటే తానే బరువు కాబట్టి, కళ్లు తెరిచిన అధికారికి పాస్ చేయక తప్పలేదు. అంతలో అంబులెన్సు వచ్చింది. ఆ మోతలో ఒళ్లంతా అంబలి పూసుకుని పడున్న అధికారిని చూసి, కడుపు చెడింది ఎవరికని అడగకుండానే ఎక్కించుకుపోయింది.

వారం తిరక్కముందే ఉత్తర్వు వచ్చింది, ఎండ గురించి కాదు, రక్షణ దుస్తుల్లో తినుబండారాలు పెట్టుకోరాదని.