తాతాజీ గారి నౌకా అధ్యయనం

“గోదావరి మీద పడవలు బాగుపడాలంటే మనిషి గోదావరికి కాస్త దూరం జరిగి ఆలోచించాలి” అని లంక రేవుల అభివృద్ధి మండలి చైర్మన్ తాతాజీ గారు రామచంద్రపురం అతిథి గృహంలో విలేకరులకు ప్రకటించారు. ఎంత దూరం జరుగుతారండీ అని ఒకాయన అడిగాడు. గ్రీసు దేశం దాకా జరుగుతామని చైర్మన్ గారు సెలవిచ్చారు. అక్కడ సముద్రంలో ఒక పడవ అయిదు రోజులకి అద్దెకు తీసుకుని, అందులోనే తిని, అందులోనే పడుకుని, పడవ అనేది ఎలా ఉండాలో తేల్చుకుని వస్తారట. నా కళ్ళు చెమర్చాయి. మన కోసం ఇంత దూరం జరిగే నాయకుడు ఈ రోజుల్లో ఎక్కడ దొరుకుతాడు చెప్పండి?

పైగా నన్ను కూడా తీసుకెళ్తానన్నారు. ముప్పై నాలుగేళ్ళు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైన వాణ్ణి. ఆయన చెప్పింది ఇంగ్లీషులోకి, వాళ్ళు చెప్పింది తెలుగులోకి మార్చడం నా పని. మూడోవాడు ఆయన పీఏ మణిశంకర్. సంచులు, కవర్లు అతని శాఖ.

అప్పుడే గుమ్మం దగ్గర తువ్వాలు చేతిలో పట్టుకుని నిలబడ్డ మనిషి దగ్గాడు. తాడిపాయలంక రేవులో పడవ నడిపే సామ్యేలు.

“మా కొత్త పడవెప్పుడొత్తాదండీ బాబుగారూ? పాతదాని అడుగు బల్ల ఇచ్చుకుపోయి నీళ్ళొచ్చేత్తన్నాయండి. బళ్ళో పిల్లలు నలభై మంది దాటుతారండి. వరద ఎర్రనీరు వచ్చేలోపు కొత్తది రాకపోతే పాతదాన్ని నమ్మి ఎవర్నీ ఎక్కించుకోలేనండి.”

వాళ్ళ లంకకి కొత్త ఇంజను పడవ కోసం ముప్పై లక్షలు మంజూరై అప్పటికే ఏడాది దాటింది. తాతాజీ గారు కోప్పడలేదు. పెద్దమనసుతో నవ్వారు.

“ఏ పడవ కొనాలో తెలుసుకోకుండా కొనేస్తే ప్రజల సొమ్ము గోదారిపాలవదూ? అది చూడ్డానికే కదా వెళ్తున్నాం సామ్యేలూ!”

“ఆయ్” అన్నాడు సామ్యేలు. గోదావరి జిల్లాల్లో దీనికి ఎదురు మాట లేదు.

గ్రీసులో మా పడవ రేవులో కట్టి ఉంది. తెల్లగా, కల్యాణ మండపమంత ఉంది. దాని కెప్టెన్ పేరు స్తావ్రోస్. అరవై ఏళ్ళు దాటిన మనిషి, మొహం ఎండకి కమిలిపోయి అచ్చం సామ్యేలులాగే ఉన్నాడు. నమస్కారాలయ్యాక ఒప్పందం కాగితం ఇచ్చాడు. నేను చదువుతూ ఆఖరి పేరాకి వచ్చాను.

“సిబ్బందికి టిప్పు ఇవ్వడం ఇక్కడి ఆనవాయితీ అండి. అద్దెలో పదిహేను శాతం దాకా. కవర్లో పెట్టి కెప్టెన్ చేతికివ్వాలి.”

“మామూలన్నమాట. ప్రపంచమంతా ఒకటేనండీ మాస్టారూ!” అని తాతాజీ గారు తృప్తిగా తలాడించారు. “మణీ, కవరు తియ్యి.”

“ఇప్పుడు కాదండి. ప్రయాణం అయ్యాక, మనకి సంతృప్తి కలిగితేనే ఇవ్వాలట.”

తాతాజీ గారి మొహంలో రంగు మారింది.

“పని అయ్యాకా? పని అయ్యాక ఎవడైనా ఇస్తాడా అండీ? పోనీ, ఇవ్వకముందు ఎవడైనా చేస్తాడా?”

ఇది పాతికేళ్ళ ప్రజాజీవితం నేర్పిన ప్రశ్న. మణిశంకర్ దళసరి తెల్ల కవరు తీసి, అందులో నూట పదహారు యూరోలు పెట్టి, పైన రెండు తమలపాకులు, ఒక వక్క ఉంచాడు. స్తావ్రోస్ కవరు చూసి నవ్వి, గుండె మీద చెయ్యి వేసుకుని వద్దన్నాడు. తను ఇంకా ఏమీ చెయ్యలేదు గనక తీసుకోకూడదట. తమలపాకు మాత్రం తీసుకుని వాసన చూశాడు.

“తక్కువైనట్టుంది” అన్నారు తాతాజీ గారు.

అయిదు వందల పదహార్లు చేశారు. వద్దన్నాడు. వెయ్యి నూట పదహార్లు చేశారు. ఈసారి నవ్వు కూడా లేకుండా వద్దన్నాడు. చైర్మన్ గారు నన్ను పక్కకి లాగారు.

“మాస్టారూ, నాకు భయంగా ఉందండి. తీసుకునేవాణ్ణి నమ్మొచ్చు. తీసుకోనివాడితోనే ప్రమాదం. మా కాకినాడలో ఒక ఆఫీసరుండేవాడు, పైసా ముట్టేవాడు కాదు. ఆ మహానుభావుడి దగ్గర నా ఫైలు ఆరేళ్ళు ఉండిపోయింది. నడిసముద్రంలో వీడు అలా మొండికేస్తే ఎవడికి చెప్పుకుంటాం?”

అని ఒక కాలు పడవలో, ఒక కాలు ఒడ్డు మీద పెట్టి నిలబడ్డారు. కవరు తీసుకుంటేనే తాడు విప్పాలన్నారు. తాడు విప్పి తిరిగొచ్చాకే కవరు తీసుకుంటానని స్తావ్రోస్ అన్నాడు. ఇద్దరూ మాట మీద నిలబడే మనుషులు. పడవ కూడా నిలబడింది.

మొదటి రోజు అలా గడిచింది. రెండోరోజు స్తావ్రోస్ ఇంజను వేశాడు. చైర్మన్ గారు ఆపించారు. మూడోరోజు మణిశంకర్ పులిహోర కలిపాడు. పక్కన కట్టిన పడవలన్నీ పొద్దున్నే వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చేవి. వాళ్ళు మాకు చెయ్యి ఊపేవారు. మేమూ ఊపేవాళ్ళం. నాలుగోరోజు గాలివాన వస్తే, ఒక్క పడవా కదల్లేదు. “చూశారా, నేను ముందే ఆపాను!” అన్నారు తాతాజీ గారు. ఆ దూరదృష్టికి నేను చేతులెత్తి నమస్కరించాను.

అయిదోరోజు గడువు అయిపోయింది. సన్మానం చేయకుండా రావడం మన సంప్రదాయం కాదు. స్తావ్రోస్‌కి శాలువా కప్పి, గులాబీ దండ వేసి, చైర్మన్ గారు చుక్కాని పట్టుకుని ఫోటోలు దిగారు. ఆఖరుసారి కవరు ఇవ్వబోతే అతను మళ్ళీ తల అడ్డంగా ఊపాడు. ఎక్కడికీ తీసుకెళ్ళలేదు గనక అసలు తీసుకోనన్నాడు. తర్వాత నా చెయ్యి పట్టుకుని, తన వల్ల ఏం తప్పు జరిగిందని అడిగాడు. పాపం, అతని గొంతులో నిజమైన బాధ ఉంది. మీ తప్పేమీ లేదన్నాను. ఆ ప్రయాణం మొత్తంలో నేను అనువాదం చేయకుండా సొంతంగా మాట్లాడిన మాట అదొక్కటే.

కవర్లోని డబ్బు కెప్టెన్‌కి ఇచ్చినట్టే లెక్కల్లో రాయాలని మణిశంకర్ అన్నాడు. రాశాను.

తిరిగొచ్చిన వారానికి తాడిపాయలంకలో తాతాజీ గారికి స్వాగత సభ. గోదారి పాయ దాటాలి. ఉన్నది సామ్యేలు పడవ ఒక్కటే. చైర్మన్ గారికి ప్లాస్టిక్ కుర్చీ వేశారు. నేను బల్ల మీద కూర్చున్నాను. మణిశంకర్ ఫోటో కోసం పడవ ముక్కు దగ్గర నిలబడ్డాడు. సామ్యేలు వెదురు గెడతో పడవ నెడుతూ, మధ్య మధ్యలో వంగి రేకు డబ్బాతో నీళ్ళు తోడి పోస్తున్నాడు. నీటిలో అప్పుడే కాస్త ఎరుపు కనబడుతోంది.

“కొత్త పడవ సంగతి తేలిందాండీ బాబుగారూ?”

“తేలకపోవడమేంటి! ఎనభై పేజీల నివేదిక ఇచ్చాం. మొట్టమొదట తేలింది ఏంటంటే, ఒడ్డుకి కట్టి ఉంచిన పడవ మునగదు. అయిదు రోజులు స్వయంగా పరీక్షించాం. కాదంటారా మాస్టారూ?”

“మునగలేదండి” అన్నాను.

“మరి ఆ ముప్పై లక్షలండి?”

“పడవ ఏర్పాటు చెయ్యమని కదయ్యా ఇచ్చింది? చేశాం కదా. విమానాలు, పడవ అద్దె అన్నీ అందులోంచే వెళ్ళాయి. ఇదిగో, మణి దగ్గర కాగితం ఉంది. పడవ ఏర్పాటైందని రేవు తరఫున నువ్వు ఒక సంతకం పెట్టాలి.”

మణిశంకర్ కాగితం, పెన్ను అందించాడు. సామ్యేలు ఎడం చేత్తో గెడ నీళ్ళల్లో గుచ్చి పట్టుకుని, కుడి చేత్తో సంతకం పెట్టాడు. ఆ కాస్సేపూ నీళ్ళు తోడేవాళ్ళు లేక నా చెప్పులు తడిసిపోయాయి. పడవ ఒడ్డు చేరేసరికి చైర్మన్ గారి పంచె అంచు కూడా తడిసింది. అయినా ఆయన దిగుతూ ఆగారు.

“మాస్టారూ, నేర్చుకున్నది మన ఊళ్ళో ఆచరించాలి. ప్రయాణం అయింది. నాకు సంతృప్తి కలిగింది. ఎంత శాతం అన్నారు?”

“పదిహేను అండి.”

“ఛార్జీ ఎంత సామ్యేలూ?”

“అయ్యో, తమరి దగ్గర ఎప్పుడైనా తీసుకున్నానాండీ?”

“సున్నాకి పదిహేను శాతం ఎంత మాస్టారూ?”

నేను ఇంగ్లీషు మాస్టారినైనా ఈ లెక్క వచ్చు. చెప్పాను.

మణిశంకర్ సంచిలోంచి ఆ దళసరి కవరు తీశాడు. తాతాజీ గారు ఆ ఖాళీ కవరుని రెండు చేతులా సామ్యేలుకి అందించారు. ఒడ్డు మీద జనం చప్పట్లు కొట్టారు. ఫోటో చాలా బాగా వచ్చింది. మరుసటిరోజు జిల్లా పేజీలో మీరు కూడా చూసే ఉంటారు.

సభలో నేను ఎక్కువసేపు కూర్చోలేకపోయాను. సామ్యేలు పడవలో నేనొక్కణ్ణే వెనక్కి బయల్దేరాను. నడిపాయలో అతను మొలలోంచి కవరు తీసి, లోపల చూసి, నా వైపు చూడకుండా నాలుగు మడతలు పెట్టాడు. అడుగు బల్ల సందులో కుక్కి మడమతో తొక్కాడు. మంచి కాగితం, కాసేపు నీళ్ళు ఆగాయి.

“ఆ దేశంలో పడవ బాగా నడుత్తాదాండీ మాస్టారూ?” అని అడిగాడు.

నేను రేకు డబ్బా అందుకున్నాను. నీళ్ళు తోడడం మొదలుపెట్టాను.