పాలపొర పట్టిన పన్నెండు సీసాలు

ఫిజీ రాజధాని సువాలోని ఆ మొక్కల ప్రయోగశాలలో అకనీసి ఆ ఉదయం అనుకున్న పని చిన్నదే. పదింటికి సైరూసి పెద్దాయన వస్తాడు. పన్నెండు సీసాల్లోని చేమ మొక్కలు ఇచ్చి పంపాలి. సాయంత్రం చర్చిలో పాట సాధనకు పోవాలి. వరదకు ఆయన ఊరి చేలు కొట్టుకుపోయాక, ఆ నల్లకాడ చేమ రకం మిగిలింది ఆ పన్నెండు సీసాల్లోనే.

ఆమె అర తెరిచింది. అన్ని సీసాల్లోనూ వేళ్ల చుట్టూ తెల్లటి పాలపొర! కిందటివారం మొక్కలను ఈ సీసాల్లోకి మార్చేటప్పుడు మాస్కు కిందికి లాగి చర్చి పాటలో తన రెండో గొంతు సాధన చేసింది తనే. నోట్లోని క్రిములన్నీ కీర్తనతోపాటు సీసాల్లోకి దిగాయన్నమాట. పొర కట్టిన సీసాను వెంటనే ఉడికించాలని గోడ మీదే రాసి ఉంది. పన్నెండూ ఆవిరి కుక్కర్లో పెట్టి, మూత బిగించి ఉడికించేసింది.

కుక్కరు చల్లారకముందే ఆమె పై అధికారి డాక్టర్ ఇలైతియా ఈల వేసుకుంటూ వచ్చాడు. "అమ్మాయ్, నా పాలపొర చూశావా? శుక్రవారం మంచి బాక్టీరియా వేశాను. అది వేళ్లకు పట్టుకుంటేనే మొక్క మట్టిలో నిలదొక్కుకుంటుంది. సీసాలేవీ?"

"ఉ... ఉన్నాయి సార్. వెచ్చగా ఉన్నాయి."

ఉద్యోగం పోతే పోయింది, ఒక ఊరి పంటను ఉడకబెట్టిన మనిషిగా మిగిలిపోతానే అనుకుంది ఆమె. బజారుకు పరుగెత్తి, అక్కడివాళ్లు క్షమాపణ అడిగేటప్పుడు పెట్టే యాంగోనా వేళ్ల కట్ట తెచ్చి, డాక్టర్ ముందు పెట్టి, నేల మీద కూలబడి అంతా చెప్పేసింది.

డాక్టర్ ముఖం పాలిపోయింది. "చీటీ అంటించనిది నేనే కదమ్మా! ఈ కట్ట పెట్టాల్సింది నువ్వు కాదు, నేను. పద, పెద్దాయన వ్యాను వచ్చేసింది."

ఇద్దరూ సైరూసి ముందు కట్ట పెట్టి తల వంచుకు కూర్చున్నారు. పెద్దాయన అంతా విన్నాడు. కట్టను మాత్రం ముట్టుకోలేదు. ముట్టుకోకపోతే క్షమించనట్టే. అకనీసి కట్టను ఇంకాస్త ముందుకు జరిపింది.

ఆయన మెల్లగా తన సంచిలోంచి ఇంకా పెద్ద కట్ట తీసి వాళ్ల ముందు పెట్టాడు.

"ముందు నాది తీసుకోండయ్యా. మా వంటింటి వెనక అంట్ల నీళ్ల బురదలో నల్లకాడ చేమ ఏపుగా పెరుగుతోంది. ఏడాదిగా మీరు పడుతున్న పాట్లు చూసి చెప్పడానికి నోరు రాలేదు."

"ఆ బురద గుప్పెడు నాకివ్వండి చాలు, అసలైన మంచి బాక్టీరియా అందులోనే ఉండుంటుంది," అన్నాడు డాక్టర్ ఆత్రంగా.

రెండు కట్టలూ దంచి, ఒకే గిన్నెలో నీళ్లతో కలుపుకుని ముగ్గురూ తాగారు. ఆ సాయంత్రం పాట సాధనలో అకనీసి రెండో గొంతు వినిపించలేదు, యాంగోనాకు నాలుక మొద్దుబారిపోయింది.