కటీఫ్ సంగతి పెద్దలకు వదిలేయండి!

పిల్లలకు కోపాన్ని అదుపులో పెట్టుకోవడం నేర్పుతారట! ఎంత అన్యాయం! ఐదేళ్ళ పిల్లలు తమ తగాదాలు తామే తీర్చుకుంటే ఇక పెద్దలం మేమెందుకు?

పిల్లల కోపాన్ని పెద్దలు చేతిలోకి తీసుకోవడం ఈ కాలం మనకిచ్చిన వరం. పూర్వం ఇద్దరు పిల్లలు కొట్టుకుంటే మర్నాటికి మర్చిపోయేవాళ్ళు. అంత కోపమూ వృథా! ఇప్పుడు వాట్సాప్ గ్రూప్ ఉంది. కోపం అందులో భద్రంగా ఉంటుంది.

మా ఇంటి సంగతే చూడండి. మా మనవరాలు దీప, పక్కింటి నరసింహారావు మనవడు శ్రీనాథ్ ఇద్దరిదీ సూర్యాపేటలో ఒకే బడి, ఒకే యూకేజీ, ఒకే ఆటో. మొన్న ఆటోలో గాలి తగిలే బయటి సీటు కోసం గొడవ పడ్డారు. వాడు జడ లాగాడు, ఇది గిచ్చింది. చిటికెన వేళ్ళు చూపించుకుని కటీఫ్ చెప్పేసుకున్నారు.

బడిలో స్వరూప టీచర్ ఊరుకుందా? ఇద్దరినీ కూర్చోబెట్టి, "కోపమొస్తే ముందు నీళ్ళు తాగాలె. తర్వాత నీకేం కావాలె అని దోస్తును అడగాలె" అని చెప్పిందట. తాగారు, ఒకరినొకరు అడిగారు. పోయేటప్పుడు బయటి సీటు దీపకు, వచ్చేటప్పుడు శ్రీనాథ్‌కు. అంత మంచి తగాదా అన్నం బెల్లు కొట్టకముందే ఖతం!

అదృష్టం కొద్దీ ఆ టీచరే 'చిన్న గొడవ, సర్దుకుంది' అని గ్రూపులో పెట్టింది. 'గొడవ' తర్వాతి మాట ఎవరు చదివారు?

నరసింహారావు కోడలు గిచ్చిన చెయ్యి ఫోటో పెట్టింది. మా కోడలు మాధవి ఊడిన జడ ఫోటో పెట్టింది. కోదాడ నుంచి మా వియ్యంకుడు ఫోన్ చేసి, "ఊరుకోకండి బావగారూ, ఇవాళ జడ, రేపు ఇంకేంటండీ?" అన్నాడు. నరసింహారావు బావమరిది మిర్యాలగూడలో రైస్ మిల్లు వదిలేసి మరీ దిగాడు. బంధువులందరినీ ఇంతగా కలిపిన పండుగ ఏదైనా ఉందా, చెప్పండి!

రోజూ కలిసి చాయ్ తాగే నేనూ నరసింహారావూ పరువు కోసం అదీ మానేశాం. దీపకు వేరే ఆటో మాట్లాడాను. పాత ఆటో సతీష్, "పిల్లలు మంచిగనే ఉన్నరు గద సార్, మీకెందుకు పరేషాన్?" అన్నాడు. పాపం, అతనికి పెంపకం గురించి ఏం తెలుసు!

ఇవాళ పొద్దున దీప కొత్త ఆటో ఎక్కనని ఏడుపు. "శ్రీనాథ్ నా కోసం సీటు పట్టిండు తాతా!" పగ పట్టడం కూడా చేతకాని తరం! నాకు ఒళ్ళు మండింది.

"మీ పిలగాన్ని జర అదుపుల పెట్టుకో!" అని, సతీష్ ఆటో దగ్గర మనవడితో ఉన్న నరసింహారావును చూసి రోడ్డు మీదే అరిచాను.

"ముందుగాల నీ నోరు అదుపుల పెట్టుకో!" అని నరసింహారావు నాకంటే గట్టిగా అరిచాడు.

దీప తన వాటర్ బాటిల్ మూత తీసి నా చేతికిచ్చింది. అటు శ్రీనాథ్ కూడా వాళ్ళ తాతకు తన బాటిల్ ఇచ్చాడు. ఏం చేస్తాం? తాగాం.

"ఇగ చెప్పు తాతా, నీకేం కావాలె?" అంది దీప.

ఎంత ఆలోచించినా నాకేం కావాలో తెలియలేదు. అటు మనవడూ అదే అడిగితే నరసింహారావు కరెంటు స్తంభం వైపు చూస్తున్నాడు. ఈలోగా ఇద్దరూ సతీష్ ఆటో ఎక్కి పక్కపక్కనే కూర్చుని వెళ్ళిపోయారు. బయటి సీటులో దీప.

పిల్లల బాటిళ్ళు పట్టుకుని రోడ్డు మీద మేమిద్దరం మిగిలాం. చాయ్ హోటల్ ఎదురుగానే ఉంది. కానీ ముందు ఎవరు పిలవాలి?

ఆ బడిలో యూకేజీ అడ్మిషన్లు ఇంకా ఉన్నాయేమో, మీలో ఎవరైనా కనుక్కుని చెబుదురూ. మాకు రెండు సీట్లు కావాలి.