ప్రోగ్రాం సక్సెస్

రెండువేల సంవత్సరం వచ్చేలోపు జిల్లాలోని బీఎస్సీ విద్యార్థులంతా కంప్యూటర్‌లా ఆలోచిస్తారని, సైన్సు చిక్కుముళ్లన్నీ తామే విప్పుకుంటారని మంత్రిగారు తిరుపతిలో ప్రకటించారు. వెంటనే రేణిగుంట అవతలి డిగ్రీ కాలేజీకి కంప్యూటర్లు దిగాయి. ప్రిన్సిపాల్ యోగానంద వాటికి కుంకుమబొట్లు పెట్టించి, దుమ్ము పడకూడదని గదికి తాళం వేయించారు. విజ్ఞానాన్ని ఇంత భద్రంగా కాపాడిన కాలేజీ ఇంకొకటి ఉండదు.

ఫిజిక్స్ చెప్పే హరినాథ్ కంప్యూటర్ పాఠం నల్లబల్ల మీదే మొదలుపెట్టాడు. పెద్ద ప్రశ్నను ముక్కలు చేయాలి, ముక్కల్ని వరుసలో పెట్టాలి, జవాబు తేలేదాకా తిప్పితిప్పి చేయాలి. ఫైనలియర్ నందిని ఒక్కతే ఆ పాఠాన్ని ఇంటిదాకా మోసుకుపోయింది. వాళ్ల నాయన చెంగయ్య పాడి ఆవుల్ని అమ్మి ఇంకో బోరు వేయించాలని చూస్తున్నాడు. ఆమె చుట్టుపక్కల బోర్ల లోతులు, వానల లెక్కలు పోగేసి, తమ చేనులో నీళ్లు పడతాయో లేదో తేల్చే ప్రోగ్రాం నోటుబుక్కులో రాసింది. అది కంప్యూటర్‌లో నడిచి జవాబు తేలేదాకా ఆవుల జోలికి పోనని చెంగయ్య కూతురికి మాటిచ్చాడు.

"సార్, నందిని ప్రోగ్రాం ఒకటుంది. కంప్యూటర్ గది తెరిపిస్తే పెట్టుకుంటాం" అని హరినాథ్ ప్రిన్సిపాల్‌ను అడిగాడు.

"ఎంతసేపప్పా?"

"మూడు నిమిషాలు చాలు సార్."

"మూడు నిమిషాల ప్రోగ్రాంకు మంత్రి యాడొస్తాడబ్బా? గంటన్నా ఉండాల."

ఇది ఆ ప్రోగ్రాం కాదని హరినాథ్ వివరించేలోగా షామియానావాళ్లకు ఫోన్ వెళ్లిపోయింది.

మంత్రిగారు వచ్చారు, కరెంటు పోయింది. ఉన్న ఒక్క జనరేటరును మైకుకు పెట్టాలా, కంప్యూటర్‌కు పెట్టాలా అన్న శాస్త్రీయ సమస్యను యోగానంద క్షణంలో పరిష్కరించారు. మంత్రిగారు నల్లటి తెరకు దండ వేసి, దాని ముందు కూర్చుని టైపు కొడుతూ ఫోటో దిగారు. తర్వాత నందినికి శాలువా కప్పి, ఈ పాప ప్రోగ్రాం బ్రహ్మాండంగా సక్సెస్ అయిందని మైకులో చెప్పారు. హరినాథ్ కూడా చప్పట్లు కొట్టాడు. ముందువరసలో కూర్చున్నవాడు కొట్టకపోతే బాగుండదు.

కార్లు కదిలాక జనంలోంచి చెంగయ్య వచ్చి హరినాథ్‌కు దండం పెట్టాడు. ఇంక నీళ్లు పడ్డట్టేనని ఆవుల బేరగాడికి కబురు పంపేశాడట, తాను పుత్తూరికి పోయి బోరు లారీకి చెప్పొస్తాడట.

నందిని ఆయన చెయ్యి పట్టుకుంది. "అది ఇంకా నడవనే లేదు నాయనా. కంప్యూటరే వెలగలే."

చెంగయ్య నవ్వి చెయ్యి విడిపించుకున్నాడు. పుత్తూరు బస్సు మెట్టెక్కి వెనక్కి తిరిగాడు.

"నువ్వూరుకో పాపా. అంతమంది ముందర మంత్రి అబద్ధం చెప్తాడా? మీ సారు గూడా చప్పట్లు కొట్టినాడు గదా."